ఊహకు ఆధారం అడిగిన ఓవర్సీరు

ఈ శ్రావణమాసంలో ఒకనాటి ఉదయం బస్సులో నందిగామ వెళుతున్నాను. కీసర దగ్గర మునేటి వంతెన మీద ముందు ఏదో లారీ చెడిపోవడంతో మా బస్సు కూడా ఆగింది. కిటికీలోంచి కొత్తనీటి వాసన వచ్చింది. నల్లరేగడి, ఎర్రమట్టి, నానిన జొన్న కొయ్యకాళ్ళు, ఎక్కడో ఎగువన తడిసిన ఆకు అలము అన్నీ కలిసిన పచ్చివాసన అది. పక్కన కూర్చున్న యువకుడు చేతిరుమాలుతో ముక్కు మూసుకున్నాడు. నేను మాత్రం బస్సు మరికొంతసేపు ఆగితే బాగుండునని కోరుకున్నాను. ఆ వాసన తగిలినప్పుడల్లా మోకాలి లోతు నీళ్ళలో పంచె ఎగగట్టుకుని నిలబడి, జేబు పుస్తకంలో ఏదో రాసుకుంటున్న ఒక పొడుగాటి మనిషి నా కళ్ళ ముందుకు వస్తాడు. ఆయన ఏ గ్రంథానికీ ఎక్కలేదు. ఆయన పేరిట ఒక వీధి అరుగైనా లేదు. నేను రాసే ప్రతి వాక్యం మీద ఆయన చూపు ఉందని నాకు తప్ప మరొకరికి తెలియదు కనుక, ఈ నాలుగు మాటలు రాయవలసిన బాధ్యత నాదే అనుకుంటున్నాను.

ఆయన ఓవర్సీరు వెంకటరత్నం గారు. జగ్గయ్యపేటలో మూడు తరాలుగా పప్పుధాన్యాల టోకు వ్యాపారం చేసే వైశ్య కుటుంబానికి పెద్దకొడుకు. తండ్రి తరువాత కొట్లో గద్దె మీద కూర్చోవలసినవారు, దానిని తమ్ముడు కనకయ్యకు వదిలి మద్రాసు వెళ్ళి ఓవర్సీరు చదువు చదివారు. రోడ్లూ రేవులూ చూసుకునే సర్కారు కొలువులో చేరి, నలభయ్యో దశకం చివరి సంవత్సరాలలో నందిగామలో పనిచేస్తుండేవారు. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. సంస్కృతాంధ్రాలలో పట్టా పుచ్చుకుని అక్కడే ఒక పాఠశాలలో తెలుగు పండితుడిగా కుదిరాను. ప్రబంధాలలో ఏ పద్యం ఎక్కడ ఉన్నదో చెప్పగలిగినా, ఇంగ్లీషు రాని పండితుడికి ఉపాధ్యాయుల గదిలో కుర్చీ చూపించేవారు కారు. ఆ అవమానం భరించలేక ఒక సాయంకాలం ఆయన ఇంటికి వెళ్ళాను.

ఆయన వసారాలో కూర్చుని గొడుగు ఊచకు దారం కట్టుకుంటున్నారు. నా కోరిక విని, గొడుగు ఒకసారి విప్పి ముడిచి పక్కన పెట్టారు.

"నేర్పుతా పంతులుగారూ. బదులుగా నాకో సాయం చేసిపెట్టాలి. మునేటి రేవుకు పోయే దారి మొదట్లో ఒక బోర్డు పాతించా. ఏరు ఎట్లా ఉందో రోజూ ఇంగ్లీషులో రాసుకుంటా గానీ, దాన్ని తెలుగులో అక్కడ రాయాలి. నాది కొట్టు తెలుగు. పెసలు, మినుములు దాటి ముందుకు పోదు."

ఆ బోర్డు ఎందుకంత అవసరమో ఈనాటి పాఠకులకు చెప్పాలి. ఆ రోజులలో తూర్పు గట్టు పల్లెలకు పోయే బండ్లన్నీ ఆ రేవులో ఏరు దాటవలసిందే. ఏటి ఎగువ భాగమంతా నిజాం ఇలాకాలో ఉండేది. అక్కడ వాన కురిస్తే ఇక్కడ ఎండ కాస్తుండగానే ఏరు పొంగేది. పూర్వం అటునుంచి మనుషుల ద్వారానో తంతి ద్వారానో ముందుగా కబురు అందేది. ఆ ఒకటి రెండేళ్ళలో సరిహద్దు అవతల అల్లర్లు ముదిరి, జగ్గయ్యపేట సత్రాలు అటునుంచి తరలివచ్చిన కుటుంబాలతో నిండిపోయాయి. మనుషులు వస్తున్నారు గాని, వానల సంగతి చెప్పే కబుర్లు ఆగిపోయాయి. తెలియనిదానిని ఊహించి, ఆ ఊహ మీద బండ్లను ఏట్లోకి దింపవలసిన కాలం అది.

అందుచేతనేమో, ఆయన నా ఇంగ్లీషు చదువును అక్షరమాలతోనో ఏనుగు కథతోనో మొదలుపెట్టలేదు. ఊహను గురించి ఆ భాషవారు ఎన్ని రకాలుగా మాట్లాడతారో దానితో మొదలుపెట్టారు. ఒక కాగితం మీద అయిదారు వాక్యాలు రాసి నా చేతికిచ్చారు. 'సేఫ్ టు ఎస్యూమ్' అంటే, అట్లా అనుకుని అడుగు వేస్తే కాలు దిగబడదు. 'రీజనబుల్ టు ఎస్యూమ్' అంటే, అట్లా అనుకోవడానికి కారణం ఉంది, అడిగితే చూపిస్తాను. 'రాష్ టు ఎస్యూమ్' అంటే, అనుకుంటే అది తొందరపాటు. 'నో గ్రౌండ్స్ టు ఎస్యూమ్' అంటే, అట్లా అనుకోవడానికి కాళ్ళ కింద నేలే లేదు.

"దొరలు ఊహించకుండా ఉంటారనుకోకండి" అన్నారు. "మనకంటే ఎక్కువే ఊహిస్తారు, తప్పులూ చేస్తారు. కానీ వాళ్ళ కాగితాలు పాతికేళ్ళుగా చదువుతున్నా. బుద్ధిగా రాసేవాడైతే ఊహ పక్కనే దాని బలమెంతో రాసి పెడతాడు. చదివేవాడు దాని మీద ఎంత బరువు వెయ్యొచ్చో వాడికి తెలుస్తుంది."

నా పాండిత్యానికి రోషం వచ్చింది. "ఇందులో వింత ఏమున్నదండీ? మన తర్కశాస్త్రం ఎప్పుడో చెప్పింది. కొండ మీద పొగ కనిపిస్తే నిప్పు ఉన్నదని నిశ్చయించవచ్చును. ప్రమాణం లేని ఊహ ఊహే కాదు" అన్నాను.

ఆయన నవ్వారు. "మాఘమాసంలో ముక్త్యాల కొండల మీద తెల్లారి చూశారా? అది పొగా, మంచా?"

ఆయన నా చేతిలోని కాగితాన్ని మళ్ళీ తీసుకున్నారు.

"శాస్త్రం మీదే, గొప్పదే. కాదన్లేదు. కానీ అది పుస్తకంలో ఉంటే పిచ్చయ్య బండికి ఏం లాభం? బోర్డు మీదికి దిగిరావాలిగా!"

పిచ్చయ్య రేవు దాటే బండ్లవాళ్ళకు పెద్ద. మూడు బండ్లు, మోటు నోరు, మంచి మనసు. నా మొదటి బోర్డును వాళ్ళందరికీ చదివి వినిపించే భాగ్యం నాకే దక్కింది. ఇంగ్లీషు కాగితంలో 'మధ్యాహ్నం వరకు దాటవచ్చునని అనుకోవచ్చు' అని ఉందని ఆయన చెబితే, నేను "తరంగిణీ ప్రవాహము ప్రశాంతగతి నొప్పుచున్నందున శకటములకు తరణయోగ్యముగా నూహింపబడుచున్నది" అని రాశాను. రాసి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని మురిశాను కూడా.

పిచ్చయ్య చుట్ట నోట్లోంచి తీశాడు. "పంతులుగారండీ, ఇది ఏటి సంగతా, పెళ్ళి శుభలేఖా? నాలుగు మూలలా కాస్త పసుపు పూస్తే సరిపోయిద్ది. ఇంతకీ దాటమంటారా, ఆగమంటారా?"

బండ్లవాళ్ళంతా గొల్లుమన్నారు. వెంకటరత్నం గారు మాత్రం నవ్వలేదు. తడిగుడ్డతో ఆ వాక్యాన్ని తామే తుడిచి, "నేను చెప్తా, మీరు రాయండి" అన్నారు. "నీళ్ళు మోకాలి లోతు. పొద్దున ఆరింటికి నేనే దిగి చూశాను. నిన్నటి నుంచి పెరగలేదు, కాబట్టి మధ్యాహ్నం దాకా ఇట్లాగే ఉంటుందనుకుంటున్నాను. పైన వాన పడిందో లేదో తెలియదు."

"తెలియదని కూడా రాయాలా?" అని అడిగాను. సర్కారు బోర్డు మీద ఆ మాట నాకు చిన్నతనంగా తోచింది.

"ముందు అదే రాయాలి" అన్నారు.

నా వచనానికి ఆనాడు ఆయన చేసిన సంస్కారం అది. ఆ తరువాత ఎందరో పండితులు నా రచనలను దిద్దారు గాని, ఇంతగా ఎవరూ దిద్దలేదు. నెల తిరిగేసరికి బోర్డు మీద చూసినది వేరుగా, విన్నది వేరుగా, అనుకున్నది వేరుగా రాయడం నాకు అలవాటైంది. బండ్లవాళ్ళు కూడా తమలో తాము "చూశావా, అనుకున్నావా?" అని నిలదీసుకోవడం మొదలుపెట్టారు.

రేవు దగ్గర ఒక వాడుక ఉండేది. అవతలి గట్టు నుంచి వచ్చిన బండి చక్రం మీద, నీరు ఎంత లోతుకు ఎక్కితే అంతవరకు, ఇరుసు నుంచి అంచుకు పోయే కర్ర ఆకుల చుట్టూ బురద గీత పడుతుంది. ఆ గీతకూ ఇరుసుకూ మధ్య జానెడు ఎడం ఉంటే దాటవచ్చునని, ఇరుసు తడిస్తే ఆగాలని లెక్క. వెంకటరత్నం గారు స్వయంగా నీళ్ళలోకి దిగి చూసిన తరువాత కూడా, ఎదురువచ్చిన బండి చక్రాన్ని చూసేవారు. చూసి వంగి, ఆ బురదను వేలితో తాకేవారు. ఎందుకని నేను అడగలేదు. అంత చిన్న సంగతి పండితుడు అడగడమేమిటనుకున్నాను.

ఆ ఏడు భాద్రపదంలో ఆయన తండ్రి గారి తిథి వచ్చింది. ఆబ్దికం పెట్టడానికి ఆయన ముందునాటి సాయంకాలమే జగ్గయ్యపేట వెళుతూ, "రేపు ఒక్కరోజు బోర్డు మీదే పంతులుగారూ. చూసింది చూసినట్టు రాయండి" అన్నారు. నేను ఉప్పొంగిపోయాను.

మర్నాడు పాఠశాలకు తనిఖీ అధికారి వస్తున్నారని ఉతికిన పంచె కట్టుకుని తెల్లవారుజామునే బోర్డు దగ్గరికి వెళ్ళాను. ఆకాశం తేటగా ఉంది. నీళ్ళ దాకా వెళ్ళాలంటే మామిడితోట దాటి ఇసుకలో చాలా దూరం నడవాలి. ఇంతలో రేవు వైపు నుంచి ఒక బండి ఊళ్ళోకి వస్తోంది. మసక వెలుతురులో దాని చక్రాలు చూశాను. గీత ఇరుసుకు జానెడుకు పైగా దూరంలో ఉంది. "ఏరెట్లా ఉందయ్యా?" అని అడిగాను. "బానే ఉందండి, నీళ్ళెక్కడివి!" అన్నాడు బండివాడు. నాకు అంతకంటే ఏం కావాలి? 'నీరు ఇరుసు లోపే. బండ్లు నిరభ్యంతరంగా దాటవచ్చు' అని రాసి, పంచె నలగకుండా పాఠశాలకు వెళ్ళిపోయాను.

ఆ బండివాడు ఏరు దాటింది ముందునాటి సాయంకాలం. రాత్రి మామిడితోటలో ఎడ్లను విప్పి పడుకుని, తెల్లవారి మళ్ళీ కట్టుకుని వస్తున్నాడు. అతను అబద్ధమాడలేదు. తాను చూసిన ఏటి సంగతే చెప్పాడు. నేను ఎప్పుడు దాటావని అడగలేదు. ఆ బురదను వేలితో తాకి ఉంటే, అది ఎండి పొడిగా రాలి, అడగని ప్రశ్నకు తానే జవాబు చెప్పి ఉండేది.

రెండో గంట పాఠం చెబుతుండగా రేవు నుంచి ఒకడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "పంతులుగారండీ, పిచ్చయ్య బండి ఏట్లో పోతంది! సాంబయ్య దాని మీదే ఉన్నాడు!" సాంబయ్య పిచ్చయ్యకు ఒక్కడే కొడుకు. తనిఖీ అధికారిని అట్లాగే వదిలి పరుగెత్తాను. ఏరు గట్టు నుంచి గట్టుకు ఎర్రగా నిండింది. నడి ఏట్లో బండి పక్కకు ఒరుగుతోంది. నీటి రంగు మారినా బోర్డు మాట నమ్మి ఆ బండి ముందుగా దిగిందట. మిగిలిన రెండు బండ్లు ఇసుకలో ఆగి ఉన్నాయి. వాటికి అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడినది వెంకటరత్నం గారు! ఒంటి మీద తడిపంచె తప్ప మరొకటి లేదు. వేలికి దర్భ పవిత్రం అట్లాగే ఉంది.

"సాంబయ్యా! బండి మీద ఆశ వదిలెయ్యరా! పలుపులు కోసి ఎద్దు తోక పట్టుకో! ఎద్దుకు తెలుసు గట్టు ఎటో, నువ్వు లాగమాక!"

ఆ గొంతు ఏటి హోరును మించి వినబడింది. సాంబయ్య కొడవలితో పలుపులు కోశాడు. కుడివైపు ఎద్దు అతన్ని ఈడ్చుకుంటూ చాలా దిగువన గట్టెక్కింది. రెండో ఎద్దు, బండి, దాని మీది పెసల బస్తాలు నా కళ్ళముందే మలుపు తిరిగి కనుమరుగయ్యాయి. పిచ్చయ్య ఇసుకలో చతికిలబడి కొడుకు పేరు పిలుస్తూనే ఉన్నాడు, కొడుకు పక్కకు వచ్చి కూర్చున్న తరువాత కూడా.

ఆయన అక్కడికి ఎట్లా వచ్చారో కనకయ్య గారు తరువాత చెప్పారు. ఆబ్దికానికి సంకల్పం చెప్పుకుని, స్నానం చేయడానికి అన్నదమ్ములిద్దరూ జగ్గయ్యపేట దగ్గర పారే పాలేటికి వెళ్ళారు. మునిగి లేచేసరికి వెంకటరత్నం గారి మోచేతికి నురుగు, జొన్న కొయ్యకాళ్ళు తగిలాయట. ఎగువకు ఒక్కసారి చూసి, "తమ్ముడూ, నాన్నకు నువ్వు పెట్టు" అని గట్టెక్కారట. "కర్త లేచిపోతే ఎట్లాగండీ, మహాదోషం!" అని పురోహితుడు వెంటపడితే, "దోషం నా మీదే రాసుకోండి" అంటూ దారిన పోయే లారీ ఎక్కేశారట.

ఆ సాయంకాలం ఆయన వసారాలో తల వంచుకుని కూర్చుని, "ఇక్కడ ఏరు వస్తున్నదని మీకెట్లా తెలిసింది?" అని అడిగాను.

"తెలియలేదు పంతులుగారూ, అనుకున్నా. పాలేరూ మునేరూ రెండూ ఒకే వైపు నుంచి వస్తాయి. పాలేరు పొంగింది కళ్ళతో చూశా. మునేరూ పొంగుతుందనుకోవడానికి ఆ మాత్రం నేల చాలదా? పొంగకపోతే పురోహితుడి చేత తిట్లు తినేవాణ్ణి, అంతేగా!"

నన్ను ఒక్క మాట అనలేదు. అది నాకు మరింత కష్టమైంది.

పది రోజుల తరువాత పైనుంచి ఇంజనీరు విచారణకు వచ్చారు. ఆయన ముందు పెట్టిన ఓవర్సీరు రిపోర్టును అప్పటికి నేను కూడబలుక్కుని చదవగలను. దాని సారం ఇది: 'పండితుడు చక్రాన్ని నేను పరీక్షించినట్టే పరీక్షిస్తాడని నేను అనుకున్నాను. అట్లా అనుకోవడానికి నాకు ఆధారం లేదు. బురదను తాకి చూడాలని ఆయనకు నేను ఎన్నడూ చెప్పలేదు. ఈ నష్టానికి మూలమైన ఊహ నాది.' ఇంజనీరు మంచివాడే. కాగితం పక్కకు జరిపి, "ఎందుకయ్యా ఇట్లా రాస్తావు? అనుకోవడం రీజనబుల్ అని మార్చు. పండితుడు, చదువుకున్నవాడు, చూస్తాడని ఎవరైనా అనుకుంటారు. ఫైలు మూసేస్తాను. ఈ ఏడు నీకు ప్రమోషను రావలసి ఉంది" అన్నారు.

"చిత్తం. కానీ ఆ రీజను ఏదని తమరే రేపు అడిగితే, ఏం చెప్పనండీ?"

ఇంజనీరు కాగితాన్ని మళ్ళీ దగ్గరికి లాక్కుని, సంతకం చేసి వెళ్ళిపోయారు. ఆ ఏడాది ప్రమోషను మరొకరికి వెళ్ళింది.

బయటికి వచ్చాక నేను ఆయన చేయి పట్టుకున్నాను. "తప్పు నాది. మీరెందుకు మోస్తారు?"

"మీ తప్పు నేనెక్కడ మోశాను? అది మీ దగ్గరే ఉంది. నేను రాసింది నా తప్పు మట్టుకే. మీది ఎక్కడ రాసుకోవాలో మీకు తెలియదా?"

తెలుసు. మర్నాడు తెల్లవారకముందే వెళ్ళి, నీళ్ళలోకి దిగి చూసి, బోర్డు మీద ఏటి సంగతి రాసిన తరువాత దాని కింద నా పేరు పెట్టి ఇట్లా రాశాను: 'పిచ్చయ్య బండి పోయిననాడు ఇక్కడ రాసినది నేను. ఏటి దగ్గరకు వెళ్ళలేదు. ఎదురువచ్చిన బండిని చూసి ఊహించి, చూసినట్టు రాశాను. ఆ ఊహకు ఆధారం చాలదు.' నా జీవితంలో ఒక్క సమాసమైనా లేకుండా రాసిన మొదటి వచనం అది. బండ్లవాళ్ళు వచ్చారు. సాంబయ్య చదివి వినిపించాడు. నేను అక్కడే నిలబడ్డాను. ఎవరూ నవ్వలేదు.

పిచ్చయ్య చుట్ట వెలిగించుకోవడానికి మూడు అగ్గిపుల్లలు పట్టాయి. "ఎద్దు పోయింది. దాన్ని మీరు తేలేరు, ఆ దేవుడూ తేలేడు" అన్నాడు. "మీ మీద కోపం పోలేదు, పోయిందంటే అబద్ధం. కానీ పంతులుగారండీ, ఇంత తేటగా తప్పొప్పుకున్నోళ్ళని నేను చూళ్ళా. రేపు కూడా ఈ బోర్డు చూసే ఏట్లో దిగుతా. రాయండి."

ఆ వారమే కనకయ్య గారు తమ కొట్టు బండి ఎద్దుల్లో ఒకదానిని పిచ్చయ్య దొడ్లో కట్టించి వెళ్ళారు. అన్నగారు చెప్పారో, తామే చేశారో నాకు తెలియదు.

నలభయ్యేళ్ళు పాఠాలు చెప్పాను, కావ్యాలకు వ్యాఖ్యలు రాశాను. ఒక కవి కాలాన్ని నిర్ణయించవలసి వచ్చినా, ఒక పద్యం ప్రక్షిప్తమని అనవలసి వచ్చినా, ఆ వాక్యం పక్కన దాని బలమెంతో రాయకుండా నా కలం కదలలేదు. 'ఇంత పండితులై ఉండి తెలియదని రాస్తారేమిటి' అని కొందరు ఎగతాళి చేశారు. నాకు మాత్రం అది గర్వకారణం. వెంకటరత్నం గారి శిష్యుడిని అని చెప్పుకోవడానికి నా దగ్గర ఉన్న పట్టా అదొక్కటే.

ఈ జ్ఞాపకానికి కూడా ఆ నియమం వర్తిస్తుంది. ఏటి ఒడ్డున తడిపంచెతో నిలబడిన ఆయనను నేను చూశాను. పాలేటి స్నానం, పురోహితుడి మాట కనకయ్య గారి నోట విన్నాను. ఇక మిగిలినది ఒక్కటి. తండ్రి ఆబ్దికం నడుమ లేచి వచ్చినందుకు ఆయన బాధపడ్డారా అని ఎందరో నన్ను అడిగారు. ఆయన ఎన్నడూ చెప్పలేదు. బాధపడలేదని నేను అనుకుంటున్నాను. దానికి నా ఆధారం ఇంత మాత్రమే: మరుసటి ఏడు ఆ తిథి నాడు ఆయన జగ్గయ్యపేట వెళ్ళలేదు. తమ్ముడినీ పురోహితుడినీ నందిగామకే పిలిపించుకున్నారు. తెల్లవారుజామున నీటి లోతు చూసి, నా చేత బోర్డు రాయించి, ఆ తరువాత మునేట్లోనే మూడు మునకలు వేసి, ఆ ఇసుకలోనే కూర్చుని తండ్రికి తిలోదకాలు వదిలారు. పిచ్చయ్య బండ్లు ఆ పక్క నుంచే ఏట్లోకి దిగాయి. ఇది నేను చూశాను.